తొలికాన్పు ఊరు

సిరోంచకు బదలీ అయిందంటె నాగపూరు దిక్కు కచేరీల రాతపని చేసే కార్కూన్ల ఇండ్లల్ల ఆడోళ్లు శోకం పెట్టేటోళ్లట. పెట్టరా మరి! బస్సు దిగంగనే కొత్త కార్కూను ముందుగాల అడిగేది "మల్ల బస్సు ఎప్పుడు?" అని. చుట్టిన పరుపు ఇప్పకుండనే చేరినట్టు సంతకం పెట్టి, జరమొచ్చిందని అర్జీ రాసి, అదే బస్సుల తిరిగి పోయినోళ్లను ఈ ఊరు మస్తు మందిని చూసింది. గడ్చిరోలి కొత్త జిల్లా అయినంక జర బాగైతదనుకున్నరు. ఏం బాగు! జిల్లా కొత్తది గని అడివి పాతదే, వానకాలం పొంగే వాగులు పాతయే. తహసీల్ కచేరీల బల్లలైతె వరుసగ ఉన్నయి. బల్లల ఎనుక కూసునేటోళ్లే లేరు.

ఉన్న నలుగురిల ఒకడు ఆదయ్య. ఉన్నడంటె ఉన్నడు, హాజరు పుస్తకంల మాత్రం పేరు లేదు. టెంపరవరీ నౌకరి. రమ్మంటె రావాలె, వద్దంటె పోవాలె. గని వద్దనే ధైర్యం ఏ సాహెబుకూ లేకపాయె. సాహెబుకు తెలుగు రాదు, జనానికి మరాఠీ అంతంత మాత్రం, నడుమ ఆదయ్య లేకుంటె కచేరీకి నోరు లేనట్టే. వచ్చినోడు తెలుగుల మొత్తుకుంటె ఆదయ్య మరాఠీల చెప్తడు. సాహెబు మరాఠీల కసిరితె ఆదయ్య తెలుగుల కసురుతడు. ఉన్నది ఉన్నట్టు చెప్పుడే ఆయిన అలవాటు. ఒకసారి రేగుంట రైతొకాయిన తిరిగి తిరిగి యాష్టకొచ్చి, "నీ మొఖం పాడుగాను, ఎన్నిసార్లు తిప్పుతవు?" అన్నడు. ఆదయ్య ఎనుకాముందు చూడకుండ, "మీ మొఖం పాడుగావాలె అంటున్నడు సాహెబ్" అని మరాఠీల చెప్పిండు. సాహెబుకు చాయ్ గొంతుల అడ్డం పడ్డది.

హెడ్ కార్కూన్ గోపాల్‌రావు ఆయిన్ని పక్కకు పిలిచిండు. గోపాల్‌రావు ఈ ఊరోడే, ఈ కచేరీలనే తల నెరిసినోడు, రెండు భాషలు వచ్చినా ఫైళ్ల మీదికెల్లి తల ఎత్త తీరిక లేనోడు.

"అరే ఆదయ్యా, కొన్ని మాటలు మింగాలె రా బాబూ."

"మింగుతె నాకు పనేముంటది సార్?" అన్నడు ఆదయ్య.

గసోంటి మనిషి.

ఆదయ్యకు ఉన్నది ఒక్కటే ఆశ. నౌకరి పర్మినెంట్ కావాలె. ఆయిన అయ్య ఒకరి పొలంల పనిచేసుకుంటనే పోయిండు. అవ్వ వెంకటవ్వ ఒకరి మడిల నాట్లేసి, పెద్దపెద్ద నౌకర్లు చేసేటోళ్ల ఇండ్లల్ల బోళ్లు తోమి కొడుకును మెట్రిక్ దాక చదివించింది. ఆ ఇంట్ల అక్షరం ముఖం చూసినోడు ఆదయ్యనే మొదటోడు. పర్మినెంట్ కావాలంటె పరీక్ష రాయాలె, పరీక్షేమో చంద్రపూర్ల. మొదటి యేడు బయలెల్లితె నడుమ వాగు పొంగి బస్సు ఈ ఒడ్డునే ఆగిపాయె. ఇంకో యేడు అడివిల బస్సు చక్రం ఊడిపాయె. మరో యేడు ముందురోజే పోయి, అరుగు మీద పండుకొని, పొద్దున తయారై పోతె, పరీక్ష వాయిదా పడ్డదని తలుపుకు కాయితం అతికిచ్చి ఉన్నది. ఊరోళ్లు "ఏమైంది ఆదయ్యా, ఫెయిలా?" అంటె ఆయినకు కడుపుల మండేది.

"ఫెయిల్ అయితె అయిన అని ఊకుందును. ఆ పరీక్ష నన్ను చూడనే లేదు గద!" అనేటోడు.

గిట్ల ఉండంగ ఆ సలికాలంల పైనుంచి హుకుం వచ్చింది. కొత్త జిల్లాల బయటోళ్లు నిలవడ్తలేరు, పనులు ఆగిపోయినయి, గందుకని ఈసారికి పరీక్ష మాఫీ. మెట్రిక్ చదివినోళ్లను గడ్చిరోలి నుంచి సాహెబొచ్చి నాలుగు మాటలు అడిగి తీసుకుంటడు. గోపాల్‌రావు ఆ కాయితం సదివినంక కచేరీల ఒకటే సందడి. ఎవరో పాలకోవ పేడాలు తెచ్చిన్రు. ఆదయ్య ఒకటి నోట్ల వేసుకొని, కొరకకముందే అడిగిండు.

"షరతులేమన్న ఉన్నయా సార్?"

"ఒక్కటే. ఈ జిల్లాల పుట్టినోడై ఉండాలె. బయటోళ్లు దూరొద్దు గద." అనుకుంట గోపాల్‌రావు సప్పున ఆగిపోయిండు. ఆదయ్య మొఖం దిక్కు చూసిండు. ఆదయ్య నోట్ల పేడా అట్లనే ఉన్నది.

సంగతేందంటె, సిరోంచ సంబంధాలన్నీ నదికి అవతలనే. ప్రాణహిత ఈ గడ్డన మహారాష్ట్ర, ఆ గడ్డన ఆంధ్ర. అది సర్కారోళ్ల లెక్క, సుట్టాలకు ఆ లెక్క ఎక్కడిది? పిల్లనిచ్చుడు ఆ గడ్డకు, పిల్లను తెచ్చుకునుడు ఆ గడ్డకెల్లి. ఇగ ఆడిపిల్ల తొలికాన్పు తల్లిగారింట్లనే కావాలె. తండ్రి గని, తమ్ముడు గని వచ్చి, ఒడిబియ్యం పోసి తోలుకపోవాలె. రాకుంటె ఆ ఇంటి పరువు గంగల గలిసినట్టే. గందుకని సిరోంచల సగం ఇండ్ల పెద్ద కొడుకులు, పెద్ద బిడ్డలు ఆంధ్రల పుట్టినోళ్లే. రెండోవాడు, మూడోవాడు ఇక్కడ పుట్టినోళ్లు. సర్కారు హుకుం చూస్తె ఊర్ల చదువుకున్న పెద్దోళ్లంత బయటోళ్లయిన్రు, బడి ఎగ్గొట్టి చేపలకు పోయిన చిన్నోళ్లంత జిల్లా బిడ్డలైన్రు. ఆదయ్యకైతె తమ్ముడు కూడ లేకపాయె. బడి దాఖలాల పుట్టిన ఊరు అర్జునగుట్ట, అంటె అవతలి గడ్డన అవ్వ తల్లిగారి ఊరు, అని మంచిగ రాసి ఉన్నది. బడిల ఏసిన రోజు పంతులు అడిగితె అయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ఆ అలవాటు అయ్యకెల్లే వచ్చినట్టున్నది.

గడ్చిరోలి సాహెబు చెడ్డోడు కాదు. డాక్ బంగ్లాల దిగిండు. వచ్చిననాడే గోపాల్‌రావు ముందట మొత్తుకున్నడు, "ఖాళీలు నింపకుండ తిరిగిపోతె నన్నే ఇక్కడ వేస్తమంటున్నరు" అని. ఆదయ్య సంగతి గోపాల్‌రావు చెప్తె జరసేపు ఆలోచన చేసిండు.

"బడి దాఖలాలల్ల పంతుళ్లు ఏదో ఒకటి రాస్తరు. కన్నతల్లికంటె ఎక్కువ ఎవరికి ఎరుక? తల్లిని తోలుకరమ్మను. ఇక్కడనే కన్నని నా ముందట చెప్పి వేలిముద్ర వేస్తె చాలు."

గోపాల్‌రావు ఆ మాపటికే ఆదయ్య ఇంటికి వచ్చిండు. వెంకటవ్వ రోట్ల మిరపకాయలు నూరుతున్నది. ఆదయ్య పెండ్లాం పోశక్క పొయ్యికాడ ఉన్నది. మూడో నెల. పోశక్క బయటిపిల్ల కాదు, వెంకటవ్వ తమ్ముడు ఆశన్న బిడ్డనే. మేనరికం.

"వెంకటవ్వా, రేపు సాహెబు నిన్ను ఒకటే మాట అడుగుతడు. కొడుకు ఎక్కడ పుట్టిండని. ఇక్కడనే అను. అంతే. ఒక్క మాటకు కొడుకు పర్మినెంట్ అయితడు."

వెంకటవ్వ కొడుకు దిక్కు చూసింది. ఆదయ్య నేల దిక్కు చూసిండు.

"అబద్ధం గద సార్" అన్నది.

"అబద్ధమే. ఎవలికి నష్టం చెప్పు?"

ఎవలికి నష్టమో ఆమెకు కూడ తోచలే. "సరే, అంట" అన్నది. ఆదయ్య తిండి ముందట కూసోబెట్టి మల్లొకసారి అనిపిచ్చుకున్నడు. "ఇక్కడనే పుట్టిండు" అని వెంకటవ్వ అన్నది. పోశక్కకు నవ్వొచ్చింది, "అత్తా, బడిపిల్లల్లెక్క అప్పజెప్తున్నవు" అని. ముగ్గురూ నవ్విన్రు.

తెల్లారి డాక్ బంగ్లా అరుగు నిండ జనం. నౌకరికొచ్చినోళ్లు, వాళ్ల ఎంట వచ్చినోళ్లు, ఊకెనే సూడొచ్చినోళ్లు. తలుపు తెరిసే ఉన్నది. లోపల బల్ల ఎనుక సాహెబు, పక్కన చెప్పినయి రాసుకుంట గోపాల్‌రావు. తెలుగు నుంచి మరాఠీకి చెప్పేటోడు ఇంకెవడున్నడు? ఆదయ్యనే. తన అవ్వ సాక్షానికి తనే నోరు. సాహెబుకు కూడ ఇది జర తప్పనిపించింది గని, ఆ మాటకొస్తె ఊర్ల ఎవర్ని పిలిచినా ఆదయ్యకు సుట్టమే అయితడని ఊకున్నడు.

వెంకటవ్వ ఉతికిన చీర కట్టుకొని నిలవడ్డది.

"మీ కొడుకు ఎక్కడ పుట్టిండు?"

ఆదయ్య తెలుగుల అడిగిండు. వెంకటవ్వ "ఇక్కడనే" అన్నది. ఆదయ్య మరాఠీల చెప్పిండు. పని అయిపోయింది. సాహెబు కలం తీసిండు. అగో, అప్పుడన్న ఆ మనిషి ఊకుంటె అయిపోతుండె. మంచోళ్లతోని వచ్చే తిప్పలే ఇది. ముసలామెతోని నాలుగు మాటలు మాట్లాడాలనిపించిందో, రేపు ఎవడన్న అడిగితె జవాబుండాలనుకున్నడో, తల ఎత్తి అడిగిండు.

"తొలి బిడ్డ గద. మా ఆడోళ్లు కూడ తొలికాన్పుకు తల్లిగారింటికే పోతరు. మరి ఈమెను తోలుకపోవటానికి తల్లిగారింటి నుంచి ఎవ్వరూ రాలేదా?"

ఆదయ్య ఆ మాట మింగాలె. ఇంకేదన్న అడిగిండని చెప్పాలె. గోపాల్‌రావు బల్లకింద కాలుతోని పొడిచిండు కూడ. గని ఇన్నేండ్ల అలవాటు, నోరు ఆగలే. ఉన్నది ఉన్నట్టు తెలుగుల అడిగేసిండు.

"తల్లిగారింటి నుంచి నిన్ను తోలుకపోను ఎవ్వరూ రాలేదా అంటున్నడు."

వెంకటవ్వకు ఎక్కడో తాకింది. కొంగు బొడ్ల చెక్కింది.

"రాకపోవుడేంది? ఎవడన్నడు రాలేదని? మా నాయిన కిష్టన్న జీతగాడే, ఒకని కింద బతికినోడే, అయితె ఏంది? బిడ్డను మరిసిపోయిండా? మా అత్త రోజూ దెప్పేది. జీతగాని ఇంటికెల్లి ఎవడొస్తడే నీకు, ఇక్కడనే ఓ మూలకు పడి కను అనేది. శ్రావణమాసం. ప్రాణహిత రెండు గడ్డలు ఒరుసుకొని పారుతున్నది. పడవోళ్లు కాళ్లు మొక్కినా రామన్నరట. మా నాయిన ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకొని ఈదుకుంట వచ్చిండు! ఒడిబియ్యం, చీర తడవొద్దని నెత్తికి కట్టుకొని వచ్చిండు! నీళ్లు కారుకుంట వాకిట్ల నిలవడి, నా బిడ్డను తోలుకపోను వచ్చిన అన్నడు. మా అత్తకు నోట మాట రాలే. వరద తగ్గేదాక ఆ అరుగు మీదనే కూసొని, పడవల తోలుకపోయిండు నన్ను. నా కొడుకు నా తల్లిగారింట్లనే పుట్టిండు. రాసుకో!"

అరుగు మీద ఎవరో "శభాష్ వెంకటవ్వా!" అన్నరు. ఆ మాట అన్నంక గని వెంకటవ్వకు తను ఏమన్నదో తెలువలే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

సాహెబు ఒక్క ముక్క సమజ్ కాక ఆదయ్య దిక్కు తిరిగిండు. "ఏమంటున్నది? ఇంత కోపమెందుకు?"

బంగ్లాల అందరికీ తెలుగు తెలుసు, ఒక్క సాహెబుకు తప్ప. గోపాల్‌రావు కిటికీ బయటికి చూస్తున్నడు. ఆదయ్యకు వాగు పొంగిన యేడు, చక్రం ఊడిన యేడు, కాయితం అతికిచ్చిన తలుపు, అన్నీ ఒక్కసారి కండ్లముందటికొచ్చినయి.

"తల్లిగారింటి మీద కోపం సాహెబ్" అన్నడు. "కోణీ ఆలే నాహీ అంటున్నది. వాళ్లు బీదోళ్లు. ఎవ్వరూ రాలే. గందుకనే నేను ఇక్కడ పుట్టిన."

వెంకటవ్వకు మరాఠీ రాదనుకునేరు. మాట్లాడరాదు గని, మరాఠీ ఇండ్లల్ల బోళ్లు తోమిన మనిషి, గంత మాట అర్థం కాకపోతదా? కోణీ ఆలే నాహీ. ఎవ్వరూ రాలే. ఆమె కొడుకును చూసింది. ఆయిన చూడలే. జవాను సిరా డబ్బి పట్టుకొచ్చిండు. వెంకటవ్వ వేలు ముంచింది, ఎక్కడ పెట్టుమంటె అక్కడ పెట్టింది. సిరాను నెత్తికి తుడుసుకొని బయటికి వచ్చింది. అరుగు మీదోళ్లు తొవ్వ ఇచ్చిన్రు.

ఇంటికి పోయేటప్పుడు ఆదయ్య ఎనుకనుంచి "అవ్వా" అని పిలిచిండు.

"ఏమనకు" అన్నది వెంకటవ్వ. "నా నోరే ఆగలే, నీదేం తప్పు లేదు. గని మా నాయినను వాకిట్లకెల్లి ఎల్లగొట్టినట్టయింది బిడ్డా. నాకు మంచిగనిపిస్తలేదు."

ఆర్డరు జల్దినే వచ్చింది. హాజరు పుస్తకంల పేరెక్కింది. ఆదయ్య కొత్త అంగీ కుట్టించుకున్నడు, కుర్చీల కూసునే తీరే మారింది. ఆర్డరు కింద మాత్రం ఒక ముక్క ఉన్నది, చెప్పినదాంట్ల అబద్ధమున్నదని తేలితె నోటీసు లేకుండ తీసేస్తమని. గోపాల్‌రావు ఆ ముక్క కింద గోటితోని గీసి చూపెట్టిండు. "నోరు భద్రం" అన్నడు.

ఆయిన నోరు భద్రమే. అరుగు మీదోళ్ల నోళ్లు ఎవడు కడ్తడు? కిష్టన్న బిడ్డను తోలుకపోను రాలేదని సర్కారు కాయితంల ఎక్కిందనే ముచ్చట ఆ దినమే పడవెక్కి అర్జునగుట్ట చేరింది. కిష్టన్న చచ్చిపోయి చాన యేండ్లయింది. ఆయినకు పొలం లేదు, పుట్ర లేదు. సొరబుర్రలు కట్టుకొని ప్రాణహిత ఈదిండనే పేరొక్కటే కొడుక్కు ఇచ్చిపోయిండు. ఆశన్నను ఆ ఊర్ల "ఈదినోని కొడుకు" అనేటోళ్లు. ఇప్పుడు కల్లు దుకాణంకాడ ఒకడు, "ఈదలేదట గద రా మీ నాయిన? నీ అక్కనే వేలిముద్ర పెట్టిందట" అన్నడట.

పోశక్కకు ఏడో నెల పడ్డది. అర్జునగుట్ట నుంచి ఎప్పుడొస్తరా అని పోశక్క పెట్టె కూడ సర్దుకున్నది. ఆశన్న వచ్చిండు. చేతుల ఒడిబియ్యం మూట ఉన్నది. కాళ్లకు నీళ్లిస్తె కడుక్కోలే. మంచమేస్తె కూసోలే.

"అక్కా, మంచిగున్నవా?" అన్నడు. తర్వాత ఆదయ్య దిక్కు తిరిగిండు. "అల్లుడా, నేను ఎక్కువ అడగ. మన నలుగురు పెద్దమనుషులను కూడబెడ్త. మా నాయిన వచ్చిండు, ఈదుకుంట వచ్చిండు అని నీ నోటితోని చెప్పు. బిడ్డను తోలుకపోత."

"మామా, నౌకరి పోతది" అన్నడు ఆదయ్య. ఉన్నది ఉన్నట్టే అన్నడు.

"పోతదా?"

"పోతది. నా జాగల కూసోవాలని సూసేటోళ్లు ఊర్ల మస్తు మంది ఉన్నరు. నేనంటె రేపే గడ్చిరోలికి అర్జీ పోతది."

ఆశన్న తల ఊపిండు. "మంచిది. నీ నౌకరి నీకుండాలె. అయితె సర్కారు రాత అబద్ధం గావద్దు గద. మీ ఇంటికి తొలికాన్పుకు మా ఇంటికెల్లి ఎవ్వరూ రారని రాసుకున్నరు. రాం."

ఆశన్న మూట సంకల పెట్టుకొని మర్లిండు. పోశక్క కడుపు పట్టుకొని గడప దాటి ఉరికొచ్చింది. "నాయినా!" అన్నది. ఆశన్న తుండుగుడ్డతోని కండ్లొత్తుకున్నడు గని ఆగలే. ఇంటి మూల దాటి రేవు దిక్కు పోయిండు.

పోశక్క ఆదయ్య ముందటికొచ్చి నిలవడ్డది. "మా తాత ఈదుకుంట వచ్చి తోలుకపోయిండు. నాయిన పడవల వచ్చి కూడ నన్ను తోలుకపోకపాయె. నీ ఒక్క మాట కోసం. నీ మీద నాకు ఎంత కోపమున్నదో నీకు ఎరికేనా?"

ఆదయ్య కచేరీ టైమైందని పోయిండు.

పోశక్క సిరోంచలనే కన్నది. వెంకటవ్వనే అన్నీ చేసింది, మంత్రసానికి నీళ్లు కాచిచ్చింది, కోడలు నడుము పట్టింది. ఆడిపిల్ల పుట్టింది. బోరింగుకాడ ఆడోళ్లు "తల్లిగారోళ్లు రాలేదానె?" అని అడిగితె, వెంకటవ్వ బిందె నిండకముందే ఎత్తుకొని వచ్చేది. పురుడుకు అవతలి గడ్డ నుంచి ఒక్క పురుగు రాలే. పోశక్క పిల్లకు పాలిచ్చుకుంట గోడ దిక్కు మొఖం పెట్టుకునేది. ఆదయ్య దగ్గరికి వస్తె ఏం కావాలో అది చెప్పేది, అంతకు మించి ఒక్క మాట లేదు. వెంకటవ్వ నాట్లకు పోవుడు బందయింది, కొడుకు పర్మినెంట్ గద. గని పండుగకు తమ్మునింటికి పోవుడు కూడ బందయింది. ఆదయ్యకు ఇది గుచ్చుకోలేదనలేం. అయినా నెల మారంగనే జీతం వచ్చేది, ఇల్లు నడిచేది.

మరుసటి యేడు ఇంకో హుకుం వచ్చింది. సర్కారుకు సిగ్గు ఉండాలె! పరీక్ష లేకుండ తీసుకున్నోళ్లకు అర్జీ కూడ రాయ రాదని ఎవరో పైన మొరపెట్టిన్రట. గందుకని మాఫీ రద్దు. అందరూ పరీక్ష రాయాలె, పాసైనోళ్లే ఉంటరు. ఈసారి ఎక్కడ పుట్టినోళ్లన్న ప్రశ్న లేదు, ఎవరికి తెలివుంటె వాళ్లు. పరీక్ష ఎండకాలంల, గడ్చిరోలిల. వాగులు ఎండినయి, బస్సు చక్రం గట్టిగ ఉన్నది, టైముకు ముందే చేరింది. ఆదయ్య పరీక్ష రాసిండు. ప్రశ్నలు సదువుతుంటె నవ్వొచ్చింది ఆయినకు, తర్వాత ఏడుపొచ్చింది. అన్నీ వచ్చినయే.

తాలూకాల ఆయినదే మొదటి నంబరు. కొత్త ఆర్డరు వచ్చింది, పాతది కొట్టేసిన్రు. గోపాల్‌రావు భుజం మీద చెయ్యేసి, "ఇగ ఆ వేలిముద్ర కాయితం కట్ట కట్టి అటక మీద పారేస్తరు. నువ్వు అర్జునగుట్టల పుట్టినా, ఆకాశంల పుట్టినా ఎవడూ అడగడు. నోరిప్పు ఇగ" అన్నడు.

ఆదయ్య కచేరీ మెట్ల మీద కూసున్నడు. సంబురపడాలె గద, పడాలనే చూసిండు. ఒక్క యేడు. ఒక్క యేడు ఆగి ఉంటె, టెంపరవరీగనే ఇంకో యేడు గడిపి ఉంటె! ఇంటికి పోయి అవ్వకు చెప్పిండు. వెంకటవ్వ పిల్లను ఒళ్ల వేసుకొని నూనె రాస్తున్నది.

"ఆ పరీక్షేదో ముందుగాలనే పెట్టకపోయిన్రా" అన్నది. అని మల్ల పిల్ల కాళ్లు రాసింది.

ఆ ఐతారం సెలవునాడు ఆదయ్య, పోశక్క, పిల్ల పడవెక్కిన్రు. వెంకటవ్వ రాలే. "నీ మాట నువ్వే చెప్పుకో పో" అన్నది. అర్జునగుట్టల ఆదయ్య తనే ఇల్లిల్లూ తిరిగి పెద్దమనుషులను పిలిచిండు. ఆశన్న వాకిట్ల అందరూ కూసున్నరు. కల్లు దుకాణంకాడ మాట అన్నోడు కూడ వచ్చిండు. ఆదయ్య నిలవడి చెప్పిండు. శ్రావణమాసం అని మొదలుపెట్టి, సొరబుర్రలు, నెత్తికి కట్టిన చీర, వాకిట్ల కారిన నీళ్లు, ఏదీ ఇడువలే. సాహెబు ముందట నేను చెప్పినదే అబద్ధం, మా అవ్వది కాదు, మా తాత వచ్చిండు, నేను ఈ ఇంట్లనే పుట్టిన అన్నడు. పోశక్క గడపల కూసొని కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. ఆ మాట అన్నోడు తల దించుకున్నడు.

ఆశన్న అంత సేపు మనుమరాలిని ఒళ్ల పెట్టుకొని ఇన్నడు. పిల్ల ఆయిన మీసం పట్టుకొని గుంజుతున్నది. పెద్దమనుషులు లేసి పోయినంక, ఆయిన మెల్లగ అన్నడు.

"మంచిగ చెప్పినవు అల్లుడా. ఒక్క మాట తప్పు లేదు."

ఆదయ్య ఆయిన కాళ్లకు వంగబోయిండు. ఆశన్న చెయ్యితోని ఆపిండు.

"నిరుడు చెప్తె నీ నౌకరి పోతుండె. గందుకనే అడిగిన. ఇయ్యాల చెప్తె నీదేం పోయింది?"

ఆయిన కోపంతోని అనలే. నిజంగనే అడిగిండు. తర్వాత పిల్లను ఎత్తుకొని, "బిడ్డా పోశక్క, కాన్పుకు రాకపోతివి, ఇప్పుడన్న రెండు నెలలు ఉండి పో" అనుకుంట లోపలికి పోయిండు. పోశక్క మొగుని దిక్కు తిరిగి చూడకుండనే తండ్రి ఎనుక పోయింది. అత్త, పోశక్క తల్లి, వచ్చి అన్నం తిని పొమ్మన్నది. ఆదయ్య తినలే, ఆఖరి పడవ పోతదని లేసి రేవుకు నడిసిండు.